అప్పు మీద లేచిన మేడలు: విలియం జెకెన్‌డార్ఫ్

న్యూయార్క్‌లో నలభై రెండో వీధి తూర్పుగా సాగి సాగి నది ఒడ్డున ఫస్ట్ ఎవెన్యూలో కలుస్తుంది. అక్కడ ఒక పక్క ఐక్యరాజ్య సమితి అద్దాల మేడ ఉంటుంది. దానికెదురుగా కాస్త ఎత్తు మీద ట్యూడర్ సిటీ అనే పాత ఇటుకల అపార్ట్‌మెంట్ల వరుస. న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒకరోజు ఆ మూల నిలబడ్డాను. వచ్చినవాళ్లంతా జెండాల ముందు ఫొటోలు తీసుకుంటున్నారు. నా కళ్లు మాత్రం ఆ ఇటుక గోడల మీదే ఉన్నాయి. నది వైపు గోడల్లో కిటికీలు దాదాపు లేవు. మన దగ్గర మురికి చెరువు కనబడినా లేక్ వ్యూ అని చదరపు అడుగుకు రేటు పెంచుతారు కదా, ఇంత పెద్ద నది ఎదురుగా ఉంటే గోడలు మూసి కట్టడమేమిటి?

కారణం నాకు ముందే తెలుసు, అది చూడాలనే వెళ్లాను. 1920లలో ఆ ఇళ్లు కట్టేనాటికి ఇప్పుడు సమితి మేడ ఉన్న చోట కబేళాలు ఉండేవి. పశువుల అరుపులు, రక్తం, వాసన. కిటికీ పెడితే ఆ ఫ్లాటు ఎవరూ తీసుకోరు. అలా ఊరంతా ముక్కు మూసుకుని వీపు తిప్పిన ఆ నేలను రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే కొన్న మనిషి పేరు విలియం జెకెన్‌డార్ఫ్. చనిపోయి యాభై ఏళ్లు కావస్తోంది. బతికున్న రోజుల్లో అమెరికాలో ఆయన పేరు రాని పత్రిక లేదు.

సావనీర్ కమిటీ మిత్రులు నన్ను బ్యాంకు అనుభవాలు రాయమన్నారు. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో, అందులో సగం లోన్ సెక్షన్‌లో గడిపినవాడిని. ఆ అనుభవాలు చదివితే మీకు ఆవలింతలు తప్ప ఏమీ రావు. దానికి బదులు, రిటైరైన తర్వాత నేను బాగా చదువుకున్న ఒక అప్పులవాడి కథ చెబుతాను. నా అనుభవం అందులోనే ఒకచోట వస్తుంది.

ఆయన 1905లో ఇల్లినాయి రాష్ట్రంలో పారిస్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తాతగారు అరిజోనా ఎడారిలో, టూసాన్‌లో కొట్టు నడిపిన వర్తకుడు. తండ్రిది చెప్పుల వ్యాపారం. కుటుంబం న్యూయార్క్ చేరాక ఈయన అక్కడి విశ్వవిద్యాలయంలో చేరి చదువు పూర్తి చేయకుండానే మానేసి, భవనాల వ్యాపారంలో ఉన్న బంధువు దగ్గర పనికి కుదిరాడు. తర్వాత 1938లో వెబ్ అండ్ నాప్ అనే సంస్థలో చేరాడు. ఇతరుల భవనాలను చూసిపెట్టి కమిషన్ తీసుకునే మర్యాదస్థుల సంస్థ అది. సొంతంగా పెద్ద ఆస్తులేమీ లేవు.

యుద్ధం ఆయన దశ తిప్పింది. న్యూయార్క్‌లో తరతరాల భూస్వాములైన ఆస్టర్ కుటుంబపు వారసుడు విన్సెంట్ ఆస్టర్ నౌకాదళంలోకి వెళుతూ, దాదాపు 5 కోట్ల డాలర్ల విలువైన తన ఆస్తుల బాధ్యత వెబ్ అండ్ నాప్‌కు అప్పగించాడు. ఆ పని జెకెన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. ఇంకొకరైతే అద్దెలు వసూలు చేసి లెక్కలు పంపి ఊరుకునేవారు. ఈయన పాతవి అమ్మాడు, కొత్తవి కొన్నాడు, తాకట్లు మార్చాడు, పడుకున్న ఆస్తిని లేపి పరుగెత్తించాడు. యుద్ధం ముగిసేసరికి ఆస్టర్ సంపద పెరిగింది, నగరంలోని ప్రతి బ్యాంకు మేనేజరుకూ జెకెన్‌డార్ఫ్ ఎవరో తెలిసింది. 1949 నాటికి వెబ్ అండ్ నాప్ మొత్తం ఆయన సొంతమైంది.

ఇప్పుడు కబేళాల సంగతి. ఆ కంపెనీలు తమ స్థలాలు వదిలేసుకోవాలనుకుంటున్నాయని ఆయనకు కబురు అందింది. వాసన కారణంగా చుట్టుపక్కల పాత ఇళ్లూ గోదాములూ అగ్గువకు దొరుకుతున్నాయి. కబేళాలు పోతున్నాయని బయటికి పొక్కితే ఆ ధర ఉండదు. అందుకని కబేళాలకు బయానా కట్టి, పక్క స్థలాలను తన పేరు బయటపడకుండా ఏజెంట్ల చేత ఒక్కొక్కటే కొనిపించాడు. మన రింగు రోడ్డు చుట్టూ జరిగింది చూసినవాళ్లకు ఇదేమీ కొత్త విద్య కాదు. అలా పోగైంది 17 ఎకరాలు, మన్‌హట్టన్ నడుమన, నది ఒడ్డున. అక్కడ ఎక్స్ సిటీ పేరుతో ఆఫీసులు, ఇళ్లు, సంగీత నాటకశాల అన్నీ కలిపి ఒక పట్టణమే కట్టాలని వాలెస్ హారిసన్ అనే ఆర్కిటెక్టు చేత బొమ్మలు గీయించాడు. బొమ్మలున్నాయి, కట్టడానికి డబ్బు లేదు. ఈ వాక్యం ఆయన జీవితంలో ఎక్కడ పెట్టినా సరిపోతుంది.

అదే సమయంలో కొత్తగా పుట్టిన ఐక్యరాజ్య సమితి ఇల్లు వెతుక్కుంటోంది. 1946 డిసెంబరు నాటికి న్యూయార్క్‌లో తగిన స్థలం దొరకక, ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయే పరిస్థితి వచ్చింది. పేపర్లో ఆ వార్త చూసి జెకెన్‌డార్ఫ్ నగర మేయర్ ఓడ్వయర్‌కు ఫోన్ చేసి, తన స్థలం ఇస్తాననీ, ధర వాళ్లే చెప్పవచ్చుననీ కబురుపెట్టాడు. సంగతి నెల్సన్ రాక్‌ఫెల్లర్‌కు చేరింది. ఒక రాత్రి జెకెన్‌డార్ఫ్ తన భాగస్వామితో, కుటుంబాలతో నైట్ క్లబ్బులో వేడుక చేసుకుంటుండగా హారిసన్ మ్యాపు పట్టుకుని వచ్చాడు. ఆ బల్ల మీదే మ్యాపు పరిచి, స్థలం హద్దులు గీసి, 85 లక్షల డాలర్ల ధర రాసి సంతకం పెట్టారు. లింకు డాక్యుమెంట్లు లేవు, ఈసీ లేదు, లీగల్ ఒపీనియన్ లేదు! ఆ డబ్బు నెల్సన్ తండ్రి జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చాడు. డిసెంబరు 14న సమితి సాధారణ సభ ఆ స్థలాన్ని అంగీకరించింది. తర్వాత మేడ నమూనా తేల్చిన అంతర్జాతీయ ఆర్కిటెక్టుల బృందానికి హారిసనే నాయకుడు. మన చండీగఢ్‌ను తీర్చిదిద్దిన లె కార్బూజియె అందులో ఒకడు.

జెకెన్‌డార్ఫ్ ఇంకా ఎక్కువ అడగవచ్చు. అవతలివాళ్లకు గడువు ముంచుకొస్తోంది, వేరే స్థలం లేదు. అయినా అడగలేదు. దేశభక్తి అని కొందరు రాశారు. అప్పులవాడికి చేతికొచ్చే నగదు ముఖ్యమని నా లోన్ సెక్షన్ బుర్రకు తోస్తుంది. రెండూ ఉండవచ్చు. ఆ రాత్రితో ఆయన దేశమంతటికీ తెలిసిన మనిషయ్యాడు, ఆ పేరు మీద తర్వాత పదిహేనేళ్లు అప్పు పుట్టింది.

1948లో ఆయన చేసిన ఇంకో పని నాకు ఎక్కువ నచ్చుతుంది. అప్పట్లో బిల్డర్లకు ఆర్కిటెక్టంటే ప్లాను పాసు చేయించుకోవడానికి అవసరమైన సంతకం, అంతే. ఈయన అలా అనుకోలేదు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పుకుంటున్న ఒక చైనా యువకుణ్ణి పిలిచి తన సంస్థలో ఉద్యోగమిచ్చాడు. ఆ యువకుడు అప్పటికి చెప్పుకోదగ్గ భవనమేదీ కట్టలేదు. పేరు ఐ. ఎం. పై. నలభై ఏళ్ల తర్వాత పారిస్ లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ కట్టింది ఆయనే. పై పన్నెండేళ్లు జెకెన్‌డార్ఫ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. డెన్వర్‌లో మైల్ హై సెంటర్, న్యూయార్క్‌లో కిప్స్ బే, ఫిలడెల్ఫియాలో సొసైటీ హిల్ టవర్లు అన్నీ ఆ జంట పనులే. మాడిసన్ ఎవెన్యూలో జెకెన్‌డార్ఫ్‌కు గుండ్రటి ఆఫీసు గది కట్టిందీ పైయే. టేకు చెక్క గోడలు, పైనుంచి పడే వెలుతురు రంగులు మార్చుకునే ఏర్పాటు. ఆ గదిలో భారీ శరీరంతో, చెవి దగ్గర నుంచి ఫోను దించకుండా కూర్చునేవాడట. అప్పు అడగడానికి వచ్చినవాడు అవతలివాళ్ల గుమ్మంలో నిలబడటం మామూలు. ఈయన అప్పిచ్చేవాళ్లనే తన గదికి పిలిపించుకునేవాడు. ఆ గది అద్దె కూడా అప్పులోదే అయి ఉంటుందని నా అనుమానం!

ఆయన కనిపెట్టిన పెద్ద విద్య ఇంకోటుంది. హవాయి పద్ధతి అని దానికి పేరు. మామిడి తోటతో చెబితే మనవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. నేల ఒకరిది. దాన్ని కౌలుకు తీసుకున్నవాడు ఇంకొకడు. పూత మీదే కాపు కొనేసిన వ్యాపారి మూడోవాడు. ఎండుకొమ్మల మీద హక్కు నాలుగోవాడిది. తోట ఒక్కటే, దాని మీద బతికేవాళ్లు నలుగురు. జెకెన్‌డార్ఫ్ ఒక ఆఫీసు భవనాన్ని అలాగే విడగొట్టాడు. కింది నేలను స్థిరమైన ఆదాయం చాలనుకునే బీమా కంపెనీకి అమ్మి, వెంటనే దాన్నే లీజుకు తీసుకున్నాడు. ఆ లీజును ఇంకొకరికి అమ్మాడు. మధ్యలో ఇంకో లీజు పుట్టించాడు. ఒక్కో ముక్క మీద వేర్వేరుగా తాకట్టు అప్పు తెచ్చాడు. ఏ ముక్క ఎంత భద్రమో దాన్నిబట్టి వడ్డీ. ముక్కలన్నిటి ధర కలిపితే భవనాన్ని మొత్తంగా అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువ తేలేది. చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. ఇవాళ ప్రపంచంలో పెద్ద భవనాల వ్యాపారమంతా ఏదో ఒక రూపంలో ఇలాగే నడుస్తోంది. చిక్కల్లా ఒక్కటే. వర్షం పడని ఏడు కౌలుదారు కట్టలేకపోతే, తక్కిన ముగ్గురి ముక్కలూ వణుకుతాయి.

ఆ పదేళ్లలో ఆయన కొన్నవీ కట్టినవీ లెక్కపెట్టడం కష్టం. 1953లో క్రైస్లర్ బిల్డింగ్‌ను మరో పెద్ద భవనంతో కలిపి 5 కోట్ల 20 లక్షల డాలర్లకు కొన్నాడు. 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటడానికి విమానం ఎక్కిన రూజ్‌వెల్ట్ ఫీల్డ్‌లో 1956 కల్లా షాపింగ్ మాల్ తెరిచాడు. హోటళ్ల వరుస ఒకటి పెట్టుకున్నాడు. లాస్ ఏంజెలిస్‌లో ఫాక్స్ సినిమా కంపెనీ స్టూడియో స్థలం సుమారు 180 ఎకరాలు తీసుకుని సెంచరీ సిటీకి నాంది పలికాడు. డబ్బు చాలక అల్యూమినియం కంపెనీ ఆల్కోవాను భాగస్వామిగా చేర్చుకుని, చివరికి తన వాటా వాళ్లకే వదిలేశాడు.

మాంట్రియల్ కథ మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. ఆ నగరం నడిబొడ్డున రైల్వే వాళ్లు సొరంగం కోసం తవ్వి వదిలేసిన పెద్ద గొయ్యి ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. కెనడా రైల్వే అధిపతి డొనాల్డ్ గోర్డన్ ఎందరినో అడిగాడు, ఎవరూ ముందుకు రాలేదు. 1950ల మధ్యలో జెకెన్‌డార్ఫ్ వెళ్లి ఆ గొయ్యి చూసి, పైన ఏం కట్టాలనే కాక గొయ్యి లోపల ఏం పెట్టాలని ఆలోచించాడు. పైన శిలువ ఆకారపు ఆకాశహర్మ్యం, కింద దుకాణాల వీధులు, అక్కడినుంచి రైల్వే స్టేషనుకు దారి. మాంట్రియల్ చలి ఎలాంటిదో అక్కడ పిల్లలున్న మిత్రులకు తెలుసు. కోటు విప్పి షాపింగ్ చేసుకుని రైలెక్కవచ్చునంటే జనం రాకుండా ఉంటారా? కానీ అద్దెకు దిగేదెవరు? అక్కడి బ్యాంకులన్నీ పాత సెయింట్ జేమ్స్ వీధిని వదలని రోజులవి. రాయల్ బ్యాంకు ఛైర్మన్ జేమ్స్ మ్యూర్‌ను ఒప్పించి, ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయాన్నే ఆ గొయ్యి మీదికి రప్పించాడు. ప్లాస్ విల్ మరీ అనే ఆ సముదాయం 1962 సెప్టెంబరులో ప్రారంభమైంది. మాంట్రియల్ భూగర్భ నగరానికి మొదలు అదే.

అయితే మధ్యలోనే డబ్బు అయిపోయింది. లండన్ నుంచి ఈగిల్ స్టార్ బీమా కంపెనీ, కోవెంట్ గార్డెన్ ఆస్తుల కంపెనీ వచ్చి ఆదుకున్నాయి. 1960లో మూడూ కలిసి పెట్టిన సంస్థ పేరు ట్రైజెక్. ముగ్గురు కాబట్టి ట్రై, జెకెన్‌డార్ఫ్ నుంచి జె, ఈగిల్ నుంచి ఎ, కోవెంట్ నుంచి క. తర్వాత ఆయన అందులోంచి బయటికి పోయాడు, పేరులో ఆయన అక్షరం మాత్రం మిగిలింది. ఆ కంపెనీ దశాబ్దాల పాటు పెద్ద సంస్థగా నడిచింది.

ఇంకో పక్క చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 1949 నాటి అమెరికా గృహనిర్మాణ చట్టం ప్రకారం పాత పేటలను నగరపాలకులు సేకరించి, పడగొట్టి, బిల్డర్లకు తక్కువ ధరకు అమ్మవచ్చు. నష్టంలో పెద్ద భాగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. జెకెన్‌డార్ఫ్ ఈ చట్టాన్ని వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకోలేదని చెప్పవచ్చు. వాషింగ్టన్ నైరుతి పేటలో ఆయన, పై కలిసి వేసిన ప్రణాళికతో పని మొదలైంది. ఆ పేట ఖాళీ చేయించడంలో 20,000 మందికి పైగా ఇళ్లు పోగొట్టుకున్నారు. వాళ్లలో చాలామంది నల్లజాతి పేదలు. తిరిగి అక్కడికి రాగలిగినవాళ్లు అతి తక్కువ. పేదల ఇళ్లు పడగొట్టమని చట్టం చేసింది ఆయన కాదు. కానీ ఆయన గీయించిన పటాల్లో చెట్లున్నాయి, నడవలున్నాయి, ఆ జనం మాత్రం లేరు. మన ఊళ్లలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన ఇళ్లు మనకు తెలుసు, అందులో మన క్లాసువాళ్ల ఇళ్లూ ఉన్నాయి.

పతనం ఒక్కరోజులో రాలేదు. బ్రాంక్స్‌లో ఆయన స్థలంలో 1960లో ఫ్రీడమ్‌లాండ్ అనే వినోదాల పార్కు తెరిచారు. అమెరికా పటం ఆకారంలో కట్టి, దేశ చరిత్రను అందులో చూపించారు. నాలుగేళ్లు నష్టాలు మింగి 1964లో మూతపడింది. హోటళ్లు తిన్నాయి, కిప్స్ బే అంచనాలు దాటింది. బ్యాంకులు వెనకాడటంతో ఇరవై శాతం దరిదాపు వడ్డీలకు చేబదుళ్లు తెచ్చాడు. మన లెక్కల మాస్టారు చక్రవడ్డీ పాఠం చెప్పేటప్పుడు బోర్డు నిండిపోయి, సున్నాలు చాలక గోడ మీద కూడా సుద్దముక్కతో రాసేవారు, గుర్తుందా? ఇరవై శాతం వడ్డీకి అసలు నాలుగేళ్లలో రెట్టింపు దాటుతుంది. ఒక పెద్ద భవనం కట్టి అద్దెకివ్వడానికే అంత కాలం పడుతుంది. వడ్డీ కట్టడానికి రాబడి ఇచ్చే మంచి భవనాలు అమ్మాడు, ఆ డబ్బుతో రాబడి లేని స్థలాలను మోశాడు. పాడి గేదెను అమ్మి దున్నకు గడ్డి కొన్నట్టు. 1965 మేలో వెబ్ అండ్ నాప్ దివాలా కోర్టుకెక్కింది. ఆ కంపెనీ వాటాలు కొన్న మామూలు జనం డబ్బు పోయింది.

1968 ఆయనకు మరీ చెడ్డ సంవత్సరం. మార్చిలో భార్య మారియన్ ప్రయాణిస్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం గ్వాడెలూప్ దీవిలో కొండను ఢీకొని కూలిపోయింది. ఎవరూ బతకలేదు. ఆయన సొంతంగా దివాలా ప్రకటించిందీ ఆ ఏడాదే. తర్వాత కొడుకు, అల్లుడు పెట్టిన సంస్థలో సలహాదారుగా కూర్చున్నాడు. 1970లో ఆత్మకథ వచ్చింది. 1976 సెప్టెంబరు 30న కన్నుమూశాడు.

నేను ఈయన వెంటపడటానికి కారణం చెబుతానన్నాను. ఇరవై ఏళ్ల కిందట ఒక బిల్డర్‌కు నేను సంతకం పెట్టిన అప్పు మొండి బకాయి అయింది. మాటకారి, ఉత్సాహవంతుడు, చూపిన బొమ్మలు బాగున్నాయి. ఒక వెంచర్ డబ్బు ఇంకో వెంచర్‌లో పెడుతున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది. నా మీద ఎంక్వయిరీ నడిచింది, ఒక ఇంక్రిమెంట్ పోయింది. అది పెద్ద విషయం కాదు. ఆ అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు బుక్ చేసుకున్నవాళ్లలో మన బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. గ్రాట్యుటీ డబ్బంతా అందులోనే పెట్టారు. నేను లోనిచ్చిన బ్యాంకులో ఉన్నానని చూసే నమ్మానని తర్వాత ఎప్పుడో మామూలుగా అన్నారు, నిష్ఠూరంగా కాదు. ఆరేళ్లకు ఎలాగో ఫ్లాటు చేతికొచ్చింది, అప్పటికి ఆయన సతీమణి లేరు.

అందుకే జెకెన్‌డార్ఫ్ గురించి చదివేటప్పుడు మేడల ఎత్తు కాక, కూలినప్పుడు ఎవరి మీద పడిందనేదే చూశాను. అప్పిచ్చిన కంపెనీలు నష్టపోయాయి, అవి తట్టుకున్నాయి. వాటాదారులు నష్టపోయారు, వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాషింగ్టన్ పేటవాళ్లు అసలు ఆయనకు అప్పే ఇవ్వలేదు, అయినా పోగొట్టుకున్నారు. మేడలు మాత్రం పూర్తయ్యాయి. ఆయన కట్టలేకపోయినవి ఇంకొకరు కట్టారు. ఫ్రీడమ్‌లాండ్ పోయిన నేల మీద ఇవాళ కో-ఆప్ సిటీ ఉంది, 15,000కు పైగా ఫ్లాట్లు, మధ్యతరగతి కుటుంబాలవి. ఆ మనిషి నా బల్ల ముందుకొచ్చి అడిగితే అప్పిచ్చేవాడినా అని మా అమ్మాయి అడిగింది. మొదటిసారి ఇచ్చేవాడినేమో. రెండోసారి మార్జిన్ పెంచి, ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్ల డబ్బు వేరే ఖాతాలో పెట్టమనేవాడిని. ఆ షరతుకు ఆయన ఒప్పుకునేవాడు కాడు, లేచి ఇంకో బ్యాంకుకు పోయేవాడు.

ఆయన మనవలిద్దరూ ఇప్పుడు న్యూయార్క్‌లో పేరున్న బిల్డర్లే. సెంట్రల్ పార్కు పక్కన వాళ్లు కట్టించిన సున్నపురాయి మేడ 2008లో పూర్తయింది. మహా ధనవంతులు ఉండేది అక్కడే. మా అమ్మాయి ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి దాన్ని చూపించింది. పార్కు వైపు గోడ నిండా కిటికీలే.